నాలుగు వారాల ఖరీదు

11,048 డాలర్లు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో నాకే తెలీదు. కాగితం మీద, ఎక్సెల్‌లో, వర్జీనియా షాంటిలీలో రూట్ 50 సిగ్నల్ దగ్గర కారు ఆపుకుని మనసులో. ఎప్పుడు వేసినా అంతే వస్తుంది.

2022 థాంక్స్‌గివింగ్ నాడు అక్కావాళ్ళింట్లో భోజనాలు. మరుసటి ఏడాదంతా ఉద్యోగం మానేసి మా ఊరు ధర్మవరం వెళ్తున్నానని అప్పటికే అందరికీ తెలుసు. పక్కనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల దగ్గర కూర్చుని, జటాయువు కథను ఆ బొమ్మలతోనే పదిహేను నిమిషాల సినిమాగా తీయాలని నా కోరిక. యాభై ఒకటో ఏట ఇదేం పని అని ఎవరూ అనలేదు. డబ్బెక్కడిది అని మాత్రం బావ అడిగాడు. నా రిటైర్మెంట్ ఖాతా 401కేలోంచి అరవై వేల డాలర్లు తీస్తానన్నాను.

"తీసేదేదో డిసెంబర్‌లోనే తీసెయ్ రా. కొత్త చట్టం వస్తోందట, జనవరి నుంచి ఏం మెలిక పెడతారో! ఇరవై శాతం వాళ్ళే పట్టుకుని ఇస్తారు, ఇక నీకు తలనొప్పి ఉండదు" అన్నాడు పప్పన్నం కలుపుతూ. ఈ దేశానికి మా అందరికంటే ముందొచ్చినవాడు, ముందు ఇల్లు కొన్నవాడు. డబ్బు సంగతుల్లో ఆయన మాటకు మా ఇంట్లో ఎదురుండేది కాదు.

నవంబర్ 30 నా ఆఖరి పనిరోజు. డిసెంబర్ 5న ఖాతాలో 48,000 పడింది. పన్ను కట్టేసినట్టే అనుకుని బడ్జెట్ అంతా ఆ 48,000 మీదే వేసుకున్నాను. ఇంటి ఖర్చు, ముగ్గురు కళాకారుల కూలి, కెమెరా, లైట్లు కలిపి నెలకు రెండు లక్షల డెబ్బై ఐదు వేల రూపాయలు. పన్నెండు నెలలకు 33 లక్షలు. అప్పట్లో డాలరు 82 రూపాయల దగ్గర ఉండేది కనుక 40 వేల డాలర్ల పైచిలుకు. విమానం టికెట్లు, ఇక్కడ సామానుకు స్టోరేజీ అద్దె కలిపినా సరిపోయేది.

ఏప్రిల్‌లో నిమ్మలకుంటలో ఉండగా మా పన్ను లెక్కలు చూసే సీపీఏ రిటర్న్ పంపాడు. ఒక ముసలాయన మేకతోలు ముక్కను వెలుతురుకు పట్టి చూపిస్తున్నాడు. గీకి, సాగదీసి ఆరబెట్టిన తోలు. ఉలితో కొట్టిన ఒక్కో చిల్లులోంచి ఎండ చుక్కచుక్కగా ఆయన అరచేతిలో పడుతోంది. నేను ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచాను.

2022లో నా జీతం 1,38,000 డాలర్లు. మా ఆవిడ ఉద్యోగం చేయదు. స్టాండర్డ్ డిడక్షన్ 25,900 పోయినా మేం 22 శాతం బ్రాకెట్‌లోనే ఉన్నాం. కనుక ఆ జీతం మీద పడ్డ అరవై వేలకూ 22 శాతమే: 13,200. రిటైర్మెంట్ వయసు రాకముందే తీసినందుకు పెనాల్టీ 10 శాతం: 6,000. వర్జీనియాకు 5.75 శాతం చొప్పున 3,450. మొత్తం 22,650. ముందు పట్టుకున్న 12,000 తీసేస్తే ఇంకా కట్టాల్సింది 10,650.

అదే డబ్బు జనవరి 2న తీసి ఉంటే? 2023లో మాకు జీతం సున్నా. స్టాండర్డ్ డిడక్షన్ 27,700 పోగా మిగిలేది 32,300. అందులో 22,000కు 10 శాతం, అంటే 2,200. మిగతా 10,300కు 12 శాతం, 1,236. రెండూ కలిపి 3,436. వర్జీనియాకు 2,166. పెనాల్టీ ఎలాగూ తప్పదు, 6,000. అంతా కలిపి 11,602. 22,650కీ దీనికీ తేడాయే ఆ 11,048. ఇండియా పన్ను లెక్కల్లో అప్పటికి నేను నాన్-రెసిడెంట్‌నే కనుక అక్కడ దీనిమీద పన్ను లేదు. చేతికి 48,398 వచ్చేది. నా బడ్జెట్‌కు అచ్చంగా సరిపోయే మొత్తం!

నాలుగు వారాలు ఆగితే చాలేది. జీతం లేని ఏడాది చేతికి రావడమే పెద్ద ఆస్తి అని నాకప్పుడు తట్టలేదు. 27,700 దాకా ఫెడరల్ పన్నే పడని జాగా మా పేరు మీద ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి, నిండా జీతం ఉన్న ఏడాదిలో ఆ డబ్బు తెచ్చి పోశాను. అరవై రోజుల్లోపు, అంటే ఫిబ్రవరి 3లోగా, మొత్తం అరవై వేలూ ఐఆర్‌ఏ అనే ఇంకో రిటైర్మెంట్ ఖాతాలో వేసేసినా సరిపోయేది. అక్కణ్ణించి 2023లోనే మళ్ళీ తీసుకోవచ్చు. ఆ గడువు దాటిన రెండు నెలలకు కదా నాకు సంగతి తెలిసింది! బావ చెప్పిన కొత్త చట్టం, సెక్యూర్ 2.0, మీద డిసెంబర్ 29న సంతకం అయింది. నాలాంటివాడికి దానివల్ల వచ్చే నష్టం ఏదీ లేదు.

వెళ్ళడం తప్పని మాత్రం ఈరోజుకీ అనుకోను. అట్లాంటాలో ఇంజనీరుగా పనిచేసిన నాగేశ్ కుకునూర్ 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీసింది జీతంలో దాచుకున్న 17 లక్షలతో. మా షాంటిలీకి ముప్పై మైళ్ళ లోపున్న హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకునే శేఖర్ కమ్ముల 'డాలర్ డ్రీమ్స్' దాకా వెళ్ళారు. డిజైనర్ స్టెఫాన్ సాగ్‌మైస్టర్ ఏడేళ్ళకోసారి న్యూయార్క్‌లో తన స్టూడియో మూసేసి ఏడాది సెలవు తీసుకుంటూ వచ్చాడు. రిటైరయ్యాక వచ్చే ఏళ్ళలో ఐదింటిని ముందుకు తెచ్చుకుని పనిచేసే వయసులో సర్దుకోవాలన్నది ఆయన వాదన. నేనూ అదే నమ్మి రిటైర్మెంట్ డబ్బు ముట్టుకున్నాను. ఆ నమ్మకం ఇప్పటికీ అలాగే ఉంది.

బావతో ఈ లెక్క ఒక్కసారే ఎత్తాను. "అప్పుడు నాకు తెలిసింది చెప్పాను రా" అన్నాడు. నిజమే కావచ్చు. అడక్కుండా చెప్పిన సలహా అయినా, విన్నది నేనే. కానీ ఆయనింట్లో పప్పన్నం కలుపుకున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చి ముద్ద దిగదు.

10,650 అంటే మూడు నెలల ఖర్చు. డిసెంబర్ దాకా ఉండాల్సినవాళ్ళం సెప్టెంబర్ ఆఖరుకే తిరిగొచ్చాం. మళ్ళీ ఉద్యోగం దొరికింది జనవరిలో. సినిమా పదకొండు నిమిషాలు పూర్తయింది. రావణుడు రెక్క నరికే ఘట్టం, జటాయువు నేలమీద పడే ఘట్టం మిగిలిపోయాయి. బయల్దేరేనాడు ముసలాయన ఎడమ రెక్కను పాత పంచెలో చుట్టి నా చేతికిచ్చాడు. అంచు వెంట చిల్లులు కొట్టడం అయింది, రంగు వేయలేదు. ఇప్పుడది మా అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర వేలాడుతోంది. సాయంత్రం పూట ఎండ దానిగుండా వచ్చి, నా లెక్కల కాగితాల మీద చుక్కచుక్కగా పడుతుంది.