నీల్ దీవిలో సైకిలు సవారీ

మా ఇంటి మెట్లకింద ఒక హెర్క్యులిస్ సైకిలు ఉన్నది. దానికొక గొలుసు, గొలుసుకొక తాళం. తాళంచెవి మా పెద్దవాడి దగ్గర. అరవై ఏడేళ్ళ మనిషి తన సైకిలు తాళంచెవికోసం కొడుకు ముఖం చూడవలసి రావడం ఏమంత గౌరవమైన సంగతి కాదు గాని, ఇందులో తప్పంతా వాడిదేనని కూడా అనలేను.

ఆ సైకిలుమీద నేను పురసవాక్కంనుంచి పారిస్ కార్నరుకు ముప్పైనాలుగేళ్ళు ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. వేపేరి దాటి, పూనమల్లి హైరోడ్డెక్కి, సెంట్రల్ స్టేషను ముందునుంచి దారి. ఏ మూల గుంట ఉన్నదో, ఏ వానకు ఎక్కడ నీళ్ళు నిలుస్తవో నాకంటె నా చక్రాలకు బాగా తెలుసు. అదీ మా ఊళ్ళో పుట్టిన సైకిలే. 1949లో ఏర్పడిన టి.ఐ. సైకిల్సువారి అంబత్తూరు సరుకు.

ఉద్యోగం విరమించిన రెండేళ్ళకు నా కుడిచెవి మూతపడింది. చెవుడు అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు. నేను అననివ్వలేదు. రెండు చెవులూ పనిచేస్తేనే చప్పుడు ఏ దిక్కునుంచి వస్తున్నదో మనిషికి తెలుస్తుందట. ఒకటి పోతే, లోకంలోని మోత అంతా ఉన్న చెవి వైపునుంచే వచ్చినట్టు ఉంటుంది. మన దేశంలో ఎడమపక్కన నడవాలి గనుక, మనల్ని దాటిపోయే బండ్లన్నీ కుడివైపునుంచే వస్తవి. ఇక చూసుకోండి! ఒకనాటి సాయంత్రం డవుటన్ దగ్గర బస్సు హారను వినబడింది. ఎడమనుంచి కాబోలుననుకొని నేను కుడికి తప్పుకున్నాను. మోచేయి విరిగింది. ప్రాణం దక్కింది. మావాడు గొలుసు కొని తెచ్చాడు. అప్పటినుంచి ఆ సైకిలుమీద మా ఆవిడ తడిబట్టలు ఆరవేస్తున్నది.

మిచిగన్‌లో ఉన్న మా మేనల్లుడు టెలిఫోనులో ఈ గోడు విని, "మామయ్యా, మా రాష్ట్రంలో మాకినా అని ఒక దీవి ఉన్నది. 1898 నుంచి అక్కడ మోటారు కార్లు నిషేధం. దీవి చుట్టూ ఎనిమిది మైళ్ళ బాట. గుర్రబ్బండ్లు, సైకిళ్ళు, మనుషులు, అంతే!" అన్నాడు. పైగా అమెరికాలో ఇప్పుడు కంకర బాటలమీద తొక్కడానికే వేరే సైకిళ్ళు చేస్తున్నారనీ, కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊళ్ళో 2006 నుంచి కంకర రోడ్డుమీద 200 మైళ్ళ పందెం జరుగుతున్నదనీ చెప్పాడు. కంకరకోసం ప్రత్యేకంగా సైకిలా! మా చిన్నతనంలో కంకర లేని రోడ్డు చూడడానికే నాలుగు మైళ్ళు తొక్కేవాళ్ళం. అయినా ఆ దీవి మాట మాత్రం మనస్సులో పడి ఉండిపోయింది.

2025 జనవరిలో అవకాశం వచ్చింది. మా తోడల్లుడు పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డాడు. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని ఆయన నోటికి ఇంకా పాతదే వస్తుంది. రమ్మని ఆయన పదేళ్ళుగా పిలుస్తున్నాడు. మద్రాసు హార్బరులో ఓడ ఎక్కి, మూడు రాత్రులు ప్రయాణం చేసి దిగాము. అండమాన్ నికోబార్లలో దీవులూ, దిబ్బలూ, సముద్రంలో తల ఎత్తిన రాళ్ళూ అన్నీ కలిపి 836 అని లెక్క. జనం కాపురం ఉండేవి 31 మాత్రమే. అయితే ఆ కొద్దిపాటి జనంలో 2011 లెక్కల ప్రకారం నూటికి పదముగ్గురు తెలుగువారు. జంగ్లీఘాట్‌లో చేపల బజారుకు వెళితే శ్రీకాకుళం సంతలో ఉన్నట్టే ఉంటుంది. సెల్యులర్ జైలు చూస్తున్నప్పుడు మా తోడల్లుడు గాం మల్లుదొరను తలచుకున్నాడు. అల్లూరి సీతారామరాజుతో నడిచి, అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నంనుంచి లోకసభకు వెళ్ళిన మనిషి.

నీల్ దీవికి అక్కడినుంచి చిన్న ఓడలో రెండు గంటల పైచిలుకు. 2018నుంచి దీని పేరు షహీద్ ద్వీప్. 1960లలో తూర్పు బెంగాలునుంచి వచ్చిన కాందిశీకులు అడవి కొట్టి, కూరగాయలు పండించిన దీవి. ఊళ్ళ పేర్లు చూడండి: సీతాపూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. రామాయణమంతా ఒక పూటలో చుట్టి రావచ్చును. బండ్లు బొత్తిగా లేవని కాదు. ఆటోలూ స్కూటర్లూ ఉన్నవి. కాని రోడ్డు వదిలి తోటలమధ్య కంకర బాటలోకి దిగితే మేకలూ కోళ్ళూ తప్ప ఎదురు వచ్చేవాడు లేడు. జెట్టీ దగ్గర రెండు సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాము. రెండోది మా ఆవిడకు. చిన్నప్పుడు నెల్లూరులో తొక్కిందట. పెళ్ళయిన ముప్పైతొమ్మిదేళ్ళలో ఆ సంగతి నాకు తెలియడం అదే మొదలు!

కంకరమీద తొక్కడం తారురోడ్డుమీద తొక్కడంవంటిది కాదు. టైర్లలో గాలి కొంచెం తగ్గించాలి. ముందు బ్రేకు ముట్టుకున్నామా, చక్రం జారుతుంది. హ్యాండిలును గట్టిగా బిగపట్టకుండా చేతులు వదులుగా ఉంచి, బరువు వెనక్కు వేసి, చూపు చక్రం ముందున్న రాయిమీద గాక పది గజాల అవతల పెట్టాలి. సముద్రం దగ్గరపడేకొద్దీ కంకరలో పగడపు ముక్కలూ గవ్వల పొడీ కలిసి తెల్లగా అవుతుంది. ఒకపక్క అరటితోటలు, ఒకపక్క పోకచెట్లు, మధ్య మధ్య మాను మొద్దులూ బండరాళ్ళూ. నేను కుడికి చూడలేదు, వెనక్కు చూడలేదు. చూడవలసిన పని లేదు గదా! అయిదేళ్ళ తరువాత మొదటిసారి నాకు చెవి గుర్తుకు రాలేదు. జెట్టీనుంచి సీతాపూర్ అయిదు కిలోమీటర్లు. ఆఖరి రెండూ ఎట్లా తొక్కానో నాకే తెలియదు, పద్దెనిమిదేళ్ళవాడిలాగా తొక్కాననుకుంటాను.

సీతాపూర్‌లో ఇసుక మొదలైనచోట సైకిలు దిగి, నీళ్ళు ఎంత పచ్చగా ఉన్నవో చూపించబోయి వెనక్కు తిరిగాను. వెనుక ఎవరూ లేరు.

కాసేపు నిలబడ్డాను. వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. గుండెలో ఏదో జారింది. అక్కడ జనవరిలో సాయంత్రం అయిదు దాటితే చీకటి; అప్పటికి నాలుగు కావస్తున్నది. సైకిలు తిప్పి, వచ్చిన దారినే, కంకర అనీ గుంట అనీ చూడకుండా తొక్కాను. పేరు పెట్టి పిలిచాను. జవాబు ఇచ్చినా నాకు వినబడుతుందా అన్న ఆలోచన అప్పుడు వచ్చింది.

రెండు కిలోమీటర్లు వెనక్కు వచ్చేసరికి, బాటకు అడ్డంగా లుంగీ కట్టుకున్న మనిషి ఒకడు చేతులు ఊపుతున్నాడు. మేము తెలుగువాళ్ళమని మా ఆవిడ కేకలవల్లనే తెలిసిందట. "అమ్మగారు పడిపోనారు బావూ. మా ఇంటికాడ కూకోబెట్టినాను. తవరేటి, ఎనక్కి సూడకుండా ఎల్లిపోనారు?" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

సోంపేట ప్రాంతంనుంచి చేపల పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబం. వాకిట్లో మంచంమీద మా ఆవిడ కొబ్బరినీళ్ళు తాగుతూ కూర్చున్నది. మోకాలు చీరుకుపోయి పసుపు అద్ది ఉన్నది. మలుపులో చక్రం జారిందట. నేను ముప్పై గజాల దూరంలోనే ఉన్నానట.

"నాలుగుసార్లు పిలిచానండీ" అన్నది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ ఇంటి ఇల్లాలు మాకు చేపల పులుసుతో అన్నం పెడతానన్నది; శాకాహారులమని చెప్పలేక చెప్పలేక చెబితే, నవ్వి అరటిపళ్ళు ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

మరునాడు లక్ష్మణ్‌పూర్ వెళ్ళాలన్నప్పుడు నేనే వద్దన్నాను. ఆవిడే వినలేదు. "నేను ముందు పోతాను, మీరు వెనక రండి. నాకు చెవులున్నవి, మీకు కళ్ళున్నవి" అన్నది. అట్లాగే వెళ్ళాము. కట్టు కట్టిన మోకాలితో ఆవిడ నింపాదిగా తొక్కుతుంటే, ముందునాడు నాకు కనబడని సంగతులు ఎన్నో కనబడ్డవి. బెండతోటలో కూర్చున్న ముసలమ్మ ఆవిడను చూసి పళ్ళు లేని నోటితో ఎంతసేపు నవ్విందో! నీరు తీసిన వేళ కనుక రాతివంతెన దాకా నడిచి వెళ్ళగలిగాము. ఆ రాళ్ళమీద చెయ్యి పట్టుకున్నది నేనా, ఆవిడా అంటే చెప్పలేను.

మద్రాసు వచ్చిన వారానికి మావాడిని పిలిచి చెవి డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు. అయిదేళ్ళుగా వాడు బతిమాలుతున్నది అదే మరి. ఇప్పుడు చెవిలో చిన్న యంత్రం ఉన్నది. వంటింట్లో గిన్నె పడితే గుండె అదిరేటంత చప్పుడు. దిక్కు మాత్రం ఇంకా సరిగ్గా తెలియడంలేదు. కొంతకాలం అలవాటు కావాలన్నారు.

పురసవాక్కం హైరోడ్డుమీద సైకిలు ఎక్కనని నేనే మాట ఇచ్చాను. ఆదివారం తెల్లవారుజామున మాత్రం, షాపుల తలుపులు తెరవకముందు, మా వీధిలోనుంచి గంగాధరేశ్వరుడి గుడి చుట్టూ తిరిగి వస్తున్నాను. శనివారం రాత్రే మా ఆవిడ సైకిలుమీది బట్టలు తీసి మడత పెడుతుంది. తాళంచెవి ఇప్పుడు ఆవిడ దగ్గర ఉన్నది.