గోలకొండలో నీరెక్కిన త్రోవ

మా పూడూరినుండి ఉదయమున బయలుదేరి, మన్నెగూడ, చేవెళ్ళలమీదుగా మర్రులకు పేరుగాంచిన బాటను పోయినచో ఎండ ముదురకమునుపే గోలకొండ చేరవచ్చును. పెండ్లిబట్టలకై పట్టణమున కెన్నిమారులు పోయినను కోటను దూరమునుండి చూచుటయేగాని లోపల కాలిడి యెరుగము. ఈమారు మా అత్తగారు పట్టుపట్టిరి. రామదాసుగారి చెరసాల చూడవలెనని ఆమె చిరకాలపు కోరిక. చద్దిమూటయు, బిందెడు నీళ్ళును తీసికొని నలుగుర మాడువారము పోయితిమి.

కాకతీయులనాటి మట్టికోట 1518 తరువాత సుల్తాన్ కులీకి రాజధాని యైనది. అతని కుమారుడు ఇబ్రహీం కుతుబ్ షా, మన కవులు మల్కిభరాముడని కొనియాడిన ప్రభువు, రాతిగోడలను బలపరచెను. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిదినెలలు ముట్టడించినను ఆ గోడలు లొంగలేదు. లోపలివా డొకడు తలుపు తీయుటచేతనే కోట పడినది. తానీషాను దౌలతాబాదు చెరకు గొనిపోయిరి.

బాలా హిస్సారు ద్వారమున చప్పట్లు చరచిన కొండకొమ్మున వినబడునందురు. పిల్లలందరును చరచుచుండుటచే మాకు చెవులు దిమ్మెక్కినవి, అంతే. రాణివాసమునకు కప్పులు లేవు. నడుమ ఫౌంటెను ఎండియున్నది.

నన్ను నిలిపినది వేరొకటి. గోడ పెచ్చులూడినచోట్ల సున్నములో పొదిగిన మట్టిగొట్టములు కానవచ్చును. ఒకదాని మూతిలో మరియొకటి దూర్చి, కుమ్మరి చేసిన వస్తువులతోనే నీటిబాట కట్టిరి. దుర్గముచెరువు నీరు పల్లమునబడి కోటకు వచ్చెడిది. కాని గుట్ట సుమారు 400 అడుగుల యెత్తు. నీరు తనంతట నెక్కదు. అందుచే అంచెలంచెలుగా తొట్లు కట్టి, కుండలు కట్టిన పారసీక చక్రములతో ఒక తొట్టినుండి పైతొట్టికి తోడిరి. అచ్చటనుండి గొట్టములగుండ స్నానశాలలకును, తోటలకును పారినది. మిద్దెమీది తొట్టికి నీరెక్కనిరోజున ఇల్లాలి పాటు తెలిసిన మనకు ఇది యెంతపనియో వేరుగ చెప్పనక్కరలేదు.

అత్తగారు గొట్టపుమూతిలో వ్రేలుపెట్టి చూచిరి. "తోడించినవారి పేర్లు చెప్పుచున్నారు. తోడినవారెవరే, కోడలా?" అని అడిగిరి. అచ్చటి పలకలన్నియు చదివితిని. సుల్తానుల పేర్లేగాని నాకు వేరు పేరు కనబడలేదు.

రామదాసు పండ్రెండేండ్లుండెనని చెప్పెడి చెరసాలలో ఆమె చాలసేపు చేతులు జోడించి నిలిచిరి. గోడమీద చెక్కిన దేవతామూర్తులకు ఎవరో అప్పుడే పూలు పెట్టిపోయిరి. సుల్తాను కొలువుకూటమున లేని దీపము చెరసాలలో నున్నది.

తరువాత మూడువందలకు పైబడిన మెట్లు. త్రోవలో జగదంబ గుడి. ఆషాఢమున జంటనగరముల బోనాలు మొదట ఇచ్చటనే ఆరంభమగును. ఆడువారు అన్నపుకుండ తలనెత్తుకొని ఈ మెట్లే యెక్కుదురు. మేము వట్టిచేతులతోనే నాలుగుచోట్ల కూలబడితిమి. బిందె మోసినది మా ఆడబిడ్డ. కొమ్ముకు చేరునప్పటికి దానిలో సగమే మిగిలినది. అత్తగారు మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చిరి.