చింతామణి దారిలో మా తోపు

క్రిందటి ఫాల్గుణమాసంలో, చింతచెట్లు దులిపే రోజుల్లో, మేమిద్దరమూ బెంగుళూరు నుండి చిక్కబళ్ళాపురం మీదుగా బాగేపల్లికి, అక్కడనుండి చింతామణికి వెళ్ళి వచ్చాము. బంధువులతో కైవారం యాత్ర అని చెప్పాము గాని, అసలు పని వేరే. కైవారం దారికి దాపుగా మాకు పిత్రార్జితమైన నాలుగెకరాల మెట్ట వున్నది. అందులో మూడెకరాలు నీలగిరి తోపు. నాన్నగారు 1984లో నాటించారు. దానిని ఇప్పుడేం చేయాలన్నది మా ఇంట్లో తగువు. అమ్మివేయండి, లేఅవుటుకు మంచి ధర వస్తున్నదని పిల్లలు అంటారు. అమ్మడమెందుకు, కర్ర కొట్టుకొని మళ్ళీ చిగురు పెరగనివ్వండని కర్రల వ్యాపారి అంటాడు. ఒకసారి కళ్ళారా చూసి, తెలిసినవారిని అడిగి, చట్టమేమంటున్నదో కనుక్కొని, ఆ తర్వాతనే మాట ఇద్దామని మేము బయలుదేరాము. మనవారిలో చాలామందికి ఆ పక్క ఇట్టి మెట్టలు వున్నవి గనుక, తెలుసుకొన్నది నలుగురికీ పనికివస్తుందని వ్రాస్తున్నాము.

హైదరాబాదు రహదారిన చిక్కబళ్ళాపురం చేరకముందే ఎడమచేతి వైపున నందికొండ కనిపిస్తుంది. ఎత్తు 1,478 మీటర్లు. చిత్రావతి, పాపఘ్ని, ఉత్తర పినాకిని మూడూ ఈ కొండల చుట్టుపట్లనే పుట్టి తెలుగుదేశం వైపు నడిచిపోతాయి. ఇన్ని యేళ్ళకు పుట్టిల్లయిన ఈ జిల్లాలో మాత్రం ఏడాది పొడుగునా పారే యేరు ఒక్కటీ లేదు. 2007లో కోలారు నుండి విడిపోయి ఇది వేరే జిల్లా అయినది. కరువు మాత్రం పంచుకోకుండా రెండిటికీ వచ్చింది.

మా తోపు కథకు మొదలు కూడా ఈ కొండమీదనే వున్నది. 1790 ప్రాంతంలో టిప్పుసుల్తాను ఆస్ట్రేలియా దేశపు నీలగిరి విత్తనాలు తెప్పించి నందికొండ తోటలో వేయించాడు. మైసూరు గమ్ అని పేరుపొంది దేశమంతా వ్యాపించిన రకం ఆ చెట్ల సంతతే. ఆయనే 1792లో శ్రీగంధాన్ని రాచవృక్షమని ప్రకటించాడు. ఒక చెట్టును రైతు చేతిలోనుండి తీసుకొన్నాడు; మరొక చెట్టును తెచ్చిపెట్టాడు. రెండిటి ఫలమూ నేటివరకు మనం అనుభవిస్తూనే వున్నాము.

నీలగిరి కొండ దిగి పొలాల్లోకి వచ్చినది 1980 తర్వాతి సంవత్సరాలలో. ప్రపంచ బ్యాంకు సాయంతో సామాజిక అరణ్య పథకం నడిచింది. మొక్కలు చవక, పశువు మేయదు, కూలీల బెడద లేదు, కాగితపు మిల్లులు కర్ర కొంటాయి. రాగి, వేరుశనగ పండే పొలాలు చూస్తుండగానే తోపులైనవి. ఇది మంచికా చెడుకా అని ఆనాడే పెద్ద వాదం రేగింది. 1997లో వెలువడిన ఒక పరిశోధనలో మన పొరుగు హొసకోట దగ్గరి తోపు లెక్క వున్నది. మూడేండ్లలో అక్కడ కురిసిన వాన 2,100 మిల్లీమీటర్లు. ఆ చెట్లు త్రాగిన నీరు సుమారు 3,400 మిల్లీమీటర్లు. మన్ను లోతుగా వున్నచోట వేళ్ళు దిగి, ఎన్నేండ్ల నుండో నిలువవున్న తేమను కూడ త్రాగివేసినవన్నమాట. మన్ను లోతు తక్కువైన చోట మాత్రం అది దేశవాళీ అడవికంటే ఎక్కువేమీ త్రాగలేదని అదే పరిశోధన చెప్పింది. కనుక దోషమంతా చెట్టుదే అనరాదు; ఎక్కడ నాటామన్నది ముఖ్యం. చివరకు 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది.

బాగేపల్లిలో మా మేనమామగారి పెద్దకొడుకు ఇంట దిగాము. ఈ వూళ్ళో బోర్డులు కన్నడం, బేరాలు తెలుగు. గడిదం వేంకటరమణస్వామిని సేవించుకొని, ఇసుక తప్ప నీరు కనిపించని చిత్రావతిని చూసి, సాయంకాలానికి బావగారి చేనుకు పోయాము.

అయిదెకరాల చేను. గట్లవెంట కానుగ, వేప. నడుమ వరుసలుగా శ్రీగంధం. దాని పక్కన కంది, సరుగుడు. గంధపుచెట్టు పొరుగుచెట్ల వేళ్ళనుండి కొంత ఆహారం తీసుకొని బ్రతుకుతుంది. ఒంటిగా పెడితే ఎదగదు. ఒకచోట మూడు మొదళ్ళు మాత్రమే కనిపించాయి. ఏమైనవని అడిగాము.

"ఒగ రాత్రిలో కోసకపోయిరి బావా. పదైదేండ్ల మాన్లు. కుక్క గూడా అరవలే," అన్నాడు. మళ్ళీ ఆ మొదళ్ళ పక్కనే కొత్త మొక్కలు పెట్టాడు.

అక్కడే గట్టుమీద కూర్చొని బావగారు చట్టాలు చెప్పాడు. మేము తర్వాత బెంగుళూరులో తెలిసినవారి చేత సరిచూపించుకొని వ్రాస్తున్నాము.

గంధపుచెట్టు మన పొలంలో మొలిచినా ఒకప్పుడు సర్కారుదే. అందుకనే రైతులు మొలకను చూసి పీకివేసేవారు. 2001లో చట్టం సవరించిన తర్వాత భూమి ఎవరిదో చెట్టూ వారిదే. అయితే అరణ్య ఇలాఖా అనుమతి లేకుండా కొట్టరాదు, తరలించరాదు. నాటిన వెంటనే పహణిలో ఎక్కించుకోవడం మేలు; దొంగతనం జరిగినా, రేపు అమ్ముకోవాలన్నా ఆ కాగితమే సాక్షి.

తక్కిన చెట్లకు 1976 నాటి కర్ణాటక వృక్షసంరక్షణ చట్టం వున్నది. టేకువంటి చెట్టు మన పట్టాలో వున్నా వృక్షాధికారికి అర్జీ పెట్టుకొనే కొట్టవలె. కొట్టినదానికి బదులు నాటమని ఆయన షరతు పెట్టవచ్చు. నీలగిరి, సరుగుడు, సిల్వర్ ఓక్, సుబాబుల్, కొబ్బరి మొదలైనవి మినహాయింపు జాబితాలో వున్నవి. తర్వాత సవరణలతో ఆ జాబితా పెరిగింది గనుక, గొడ్డలి పట్టకముందు ఒకసారి రేంజి ఆఫీసులో అడగడం మంచిది.

ఇక పన్నుమాట. మనవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. చెట్లు అమ్మిన డబ్బంతా వ్యవసాయాదాయమే, పన్ను లేదు అనుకొంటారు. 1957లో రాజా వినయకుమార్ సాహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు దీనిని తేల్చింది. తనంతట మొలిచిన అడవిని కాపలా కాసి కొట్టుకొని అమ్మితే అది వ్యవసాయం కాదు. నేల దున్ని, గుంట తీసి, మొక్క నాటి, సాకి పెంచితేనే వ్యవసాయం. అప్పుడే వచ్చిన సొమ్ముకు కేంద్రపు ఆదాయపన్ను మినహాయింపు. 1961 చట్టం పోయి 2025 నాటి కొత్త చట్టం వచ్చినా ఈ మినహాయింపు నిలిచింది. ఉద్యోగమో అద్దెలో ఇతర ఆదాయం వున్నవారు మాత్రం దీనిని కూడ లెక్కలో చూపవలె. తక్కిన ఆదాయంమీద పన్ను రేటు కట్టడానికి అది చేరుతుంది. కాబట్టి మొక్కలు కొన్న రసీదు, గుంటలు తీసిన కూలి చీటీలు పారవేయకండి.

అరణ్య చట్టంలోనూ ఇటువంటి తేడాయే వున్నది. 1980 నాటి అరణ్య సంరక్షణ చట్టాన్ని గురించి 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, నిఘంటువు ప్రకారం అడవి అనిపించుకొనేది ఎవరి సొత్తయినా అడవేనని చెప్పింది. ఈ మాట విని, చెట్లు నాటితే పొలం పోతుందని భయపడినవారు వున్నారు. పట్టా భూమిలో మనం వేసుకొన్న తోపు వేరు; తరతరాలుగా దానంతట పెరిగిన అడవి వేరు. ఎవరు నాటారు, ఎప్పుడు నాటారు అన్న ప్రశ్నకు మన చేతిలో కాగితం వుంటే ధైర్యం.

ప్రభుత్వం ఇచ్చే చేయూత కూడా వున్నది. 2014లో దేశానికంతటికీ వ్యవసాయారణ్య విధానం వచ్చింది. ప్రపంచంలో అట్టి విధానం చేసుకొన్న మొదటి దేశం మనదే. కర్ణాటకలో అంతకుముందే, 2011-12లో, కృషి అరణ్య ప్రోత్సాహ యోజన మొదలయినది. రేంజి ఆఫీసులో పహణి నకలు ఇచ్చి పేరు వ్రాయించుకొంటే వానకారులో మొక్కలు చవకగా ఇస్తారు. మూడేండ్లపాటు వచ్చి చూసి, బ్రతికిన మొక్కకే డబ్బిస్తారు. ఆ మొత్తం కాలక్రమాన మొక్కకు మూడేండ్లకు 125 రూపాయల దాకా పెరిగింది. నాటినందుకు గాక బ్రతికించినందుకు ఇవ్వడం మాకు నచ్చింది. బాగేపల్లి కూలీ సంఘంవారు 2005లో నమోదైన పథకం క్రింద 5,500 ఇండ్లకు పేడగ్యాసు పొయ్యిలు తలపెట్టిన సంగతి కూడ బావగారు చెప్పాడు. పొయ్యిలోకి పుల్ల అవసరం తగ్గితే గుట్టమీది పొద నిలుస్తుంది. అదీ తోటమాలి పనే.

మరునాడు చింతామణి. ఊరి దాపున కురుబూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి కృషి విజ్ఞాన కేంద్రం వున్నది. మెట్టలో ఏ చెట్టు నిలుస్తుందో సలహా చెబుతారు. గంధం వేయదలచినవారు బెంగుళూరు మల్లేశ్వరంలోని కలప పరిశోధన సంస్థను కూడ అడగవచ్చును.

మధ్యాహ్నానికి మా తోపు చేరాము. నాన్నగారు త్రవ్వించిన బావి గట్టున నిలబడి చూస్తే అడుగున ఎండుటాకులు. చిన్నప్పుడు ఈత నేర్చుకొన్న బావి అది. గోడ రాళ్ళ సందున రావిమొక్క లేచింది. లోపల తోపులో పిట్ట అలికిడి లేదు. నేలమీద గడ్డి లేదు. మనసు కలుక్కుమన్నది. నాన్నగారు పొరబాటు చేశారా అని మాకు తెలియకుండానే పైకి అనేశాము.

బావగారు ఒప్పుకోలేదు. "మామ తప్పేముండాది బావా? మొదటి కోతలో నీ కాలేజీ ఫీజు కట్టె. రెండో కోతలో చెల్లెలి పెండ్లి చేసె. ఆపొద్దుకు అదే దోవ. ఈపొద్దు తెలిసినాంక గూడా అట్లే ఇడిస్తే అది మన తప్పు," అన్నాడు.

ఆ మాటతో మా తగువు తీరింది. కర్ర ఒకేసారి అమ్మము. ఈ యేడు ఒక ఎకరం కొట్టించి, ఆ డబ్బుతోనే మొదళ్ళు పెరికించి, వాలుకు అడ్డంగా కందకాలు తీయిస్తాము. తొలకరికి గట్లమీద చింత, కానుగ, నేరేడు. లోపల కందితోపాటు కొద్దిగా శ్రీగంధం. వచ్చే యేడు రెండో ఎకరం, ఆపైన మూడోది. వేసవిలో నిప్పు ప్రాకకుండా చుట్టూ చాలు తీయడానికి, కాపలాకు, పక్కచేను రైతుతో మాట్లాడుకొన్నాము; చింతకాయలో సగం ఆయనకు. చెరువుల్లోకి నీళ్ళు వస్తున్నాయని కూడ ఆయనే చెప్పాడు. బెంగుళూరులో మనం వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి హెబ్బాళ, నాగవార లోయల నుండి ఈ జిల్లా చెరువులకు పంపుతున్నారు. మన ఇంటి తూములోని నీరే ఇక్కడ ఊటకు ఆధారమైతే, మనం నాటే చెట్టు దానిని మళ్ళీ త్రాగివేసేది కాకూడదు గదా!

తిరుగు దారిలో కైవారం నారాయణ తాతయ్యను దర్శించుకొన్నాము. యాత్ర అని చెప్పిన మాట అబద్ధం కాలేదు. ఇంటికి వచ్చి పిల్లలకు సంగతంతా చెప్పాము. పెద్దవాడు ఇంకా ఒప్పుకోలేదు. చిన్నది మాత్రం తొలకరికి మొక్కలు నాటడానికి తానూ వస్తానన్నది. అంతవరకు చాలు. మనవారిలో ఆ పక్క పొలాలున్నవారు పహణి ఒకసారి తీసి చూసుకోండి. వీలైతే ఒక ఆదివారం పోయి మీ చెట్లను మీరే లెక్కపెట్టుకొని రండి.