దమ్ముకు పాఠం ఉందా?

పిల్లలూ! ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఓడిపోతే మర్నాడు ఊళ్ళో ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? ఆడినవాళ్ళు పదకొండుమందే గాని, ఎందుకు ఓడారో చెప్పేవాళ్ళు పదకొండువందలమంది బయలుదేరుతారు. టీకొట్టు దగ్గర ఒక సభ, మంగలిషాపులో ఒక సభ, బస్సులో మరొక సభ! ఇన్ని సభలలోనూ చివరకు తేలే మాటలు రెండే. ఒకటి: "కోచ్‌ను మార్చాలి." రెండవది: "మనవాళ్ళలో దమ్ము లేదు. అది పుట్టుకతో రావలసిందే గాని ఒకరు నేర్పితే వచ్చేది కాదు."

ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తమాషాగా లేవూ? దమ్ము నేర్పితే వచ్చేది కానప్పుడు, నేర్పేవాణ్ణి మార్చి ఏం లాభం? నేర్పేవాణ్ణి మారిస్తే జట్టు బాగుపడుతుందీ అంటే, ఎంతో కొంత నేర్పవచ్చుననే గదా?

నేను సికిందరాబాదులో ఉంటాను. మా ఇంటి వెనక ఒక మైదానం ఉంది. అందులో గడ్డి తక్కువ, దుమ్ము ఎక్కువ. సాయంత్రంపూట దాని గట్టుమీద కూచుని పిల్లల ఆట చూడడం నాకు అలవాటు. మొన్నామధ్య అక్కడ ఆడే బడిపిల్లల జట్టు ఒకటి వరసగా మూడు ఆటలు ఓడింది. ఇంకేముంది, గట్టుమీద సభ మొదలయింది. పెద్దపిల్లలు మాష్టారిని మార్చాలన్నారు. తక్కినవాళ్ళు తప్పంతా ఒక కుర్రవాడి మీద వేశారు. వాడికి పదేళ్ళుంటాయి. బంతి ఎత్తుగా వస్తే తలతో కొట్టడానికి బదులు మెడ ముడుచుకుని పక్కకు తప్పుకుంటాడు. "పిరికివాడు! వాడి జన్మే అంత!" అన్నారు. ఆ మాట వాడు విన్నాడు. మర్నాడు అందరి మంచినీళ్ళ సీసాలూ ముందు పెట్టుకుని గట్టుమీద నా పక్కన కూచున్నాడు. "ఆడవేం?" అంటే, "నేను పిరికివాణ్ణి, తాతయ్యా," అన్నాడు, తన పేరు చెప్పినంత మామూలుగా!

పదేళ్ళవాడు అట్లా అనుకుంటే ఊరుకోవచ్చునా? అందుకే ఈ సంగతి మీతో చెప్పాలనిపించింది.

ముందు కోచ్‌ను మార్చే సంగతి చూద్దాం. మీరు వైకుంఠపాళీ ఆడి ఉంటారు. పాచిక వేస్తే ఒకటి పడిందనుకోండి. పక్కనున్న అక్కయ్య, "నీ చెయ్యి మంచిది కాదురా, ఇలా తే," అని తను వేస్తుంది. నాలుగు పడుతుంది. "చూశావా నా చెయ్యి!" అంటుంది. నిజానికి ఒకటి పడిన తరవాత మళ్ళీ వేస్తే, అంతకంటె ఎక్కువ పడడానికి ఆరింట అయిదు పాళ్ళు అవకాశం ఉంది. అక్కయ్య వేసినా అంతే, మీరు వేసినా అంతే!

ఫుట్‌బాల్‌లో నేర్పుతోబాటు అదృష్టం కూడ కొంత ఉన్నది. బంతి గోలు కంబానికి తగిలి వెనక్కు వస్తుంది. మంచి ఆటగాడికి ఆ రోజే జ్వరం వస్తుంది. వరసగా మూడు గట్టి జట్లే ఎదురవుతాయి. అన్నీ ఒక్కసారిగా ఎదురు తిరిగినప్పుడే జనం కోచ్‌ను మారుస్తారు. ఆ తరవాత అదృష్టం దానంతట అదే మామూలు స్థితికి వస్తుంది. పేరు మాత్రం కొత్త కోచ్‌కు పోతుంది. నెదర్లండ్సు దేశపు ఫుట్‌బాల్ జట్ల లెక్కలను కొందరు పండితులు పరిశీలించారు. కోచ్‌ను మార్చిన జట్లను, అదేవిధంగా ఓడినా మార్చకుండా ఉంచుకున్న జట్లతో పోల్చి చూశారు. రెండు రకాల జట్లూ ఇంచుమించు ఒకేలాగ కోలుకున్నాయి!

అయితే కోచ్ వల్ల ప్రయోజనమే లేదా? అట్లా అనుకోకండి. ఓపికగా నేర్పితే ఏమవుతుందో తెలియాలంటే మన హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం కథ వినాలి.

రహీం మొదట బడిపంతులు. తరవాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయినాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన దేశపు జట్టు ఆయన శిక్షణలోనే బంగారు పతకం సంపాదించింది.

మరుసటి సంవత్సరమే, 1952లో, హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో మన జట్టు ఓడింది. ఎట్లా ఓడిందనుకున్నారు? వాళ్ళవి పది గోల్సు, మనది ఒకటి! ఆ రోజు మనవాళ్ళలో పలువురు బూట్లు లేకుండా ఒట్టికాళ్ళతో ఆడారు. బూట్లు తొడిగిన కాళ్ళ మధ్యకు ఒట్టికాళ్ళతో దూకడమంటే దమ్ము లేనివాళ్ళు చేసే పనేనా? ఎంత గుండె ఉండాలి! అయినా పది గోల్సు పడ్డాయి. దీనినిబట్టి ఏం తెలుస్తున్నది? గుండె ఒక్కటే చాలదు. దానికి తోడు విద్య ఉండాలి. బూట్లతో ఆడడం కూడ ఒక విద్యే. బూటులోనుంచి బంతి తగిలే తీరు వేరు, ఒట్టికాలికి తగిలే తీరు వేరు. ఆ ఓటమి తరవాత మన దేశంలో బూట్లు తొడుక్కునే ఆడాలని నియమం పెట్టారు.

నాలుగేళ్ళు గడిచాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు రహీం మళ్ళీ జట్టును తీసుకుపోయినాడు. మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2 గోల్సుతో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు చేశాడు. తరవాతి ఆటలో ఎదురైనది ఎవరనుకున్నారు? ఆ యుగోస్లావియాయే! సగం ఆట ముగిసేసరికి ఎవరికీ గోలు లేదు. తరవాత మొదటి గోలు మనవాళ్ళే చేశారు. చివరకు 1-4తో ఓడినమాట నిజమే. ఎదుటి జట్టులో ఆటగాళ్ళు చాలావరకు మారిన మాట కూడ నిజమే. కాని పది గోల్సు తిన్న దేశం నాలుగేళ్ళలో అదే దేశంమీద ముందు గోలు చేయగలిగింది. మన జట్టు ఆ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి పోయింది లేదు. పది గోల్సు పడిన నాడు కోచ్ రహీమే, నాలుగవ స్థానం వచ్చిన నాడు కోచ్ రహీమే!

ఆయన ఏం నేర్పాడు? "ధైర్యంగా ఉండండి" అని ఉపన్యాసాలు ఇచ్చి కూచోలేదు. బంతిని కాళ్ళ దగ్గరే అట్టిపెట్టుకుని తిప్పడం నిషేధించి పోటీలు పెట్టాడు. బంతి అందుకున్నవాడు వెంటనే తోటివాడికి ఇచ్చెయ్యాలి. మరికొన్ని పోటీలలో, ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే తన్నాలన్నాడు. కుడికాలివాళ్ళు ఎడమకాలితో తన్నబోతే మొదట్లో ఎట్లా ఉంటుందో ఊహించండి! బంతి ఒకవైపు, మనిషి ఒకవైపు! కాని కొన్నాళ్ళకు ఎడమకాలు కూడ మాట వింటుంది. అప్పుడు ఎదుటివాడు ఏ పక్కనుంచి వచ్చి పడినా బెదరవలసిన పని ఉండదు.

దమ్ము అనే మూట విప్పి చూస్తే లోపల ఇలాంటివే కనిపిస్తాయి. అందులో కొంత శరీరానిది. మన ఎముకలు రాయిలాంటి జడపదార్థం కావు, ప్రాణమున్నవి. ఎక్కడ బరువు పడితే అక్కడ అవి మందంగా, గట్టిగా తయారవుతాయి. చిన్నతనం నుంచి టెన్నిస్ ఆడేవాళ్ళకు బాట్ పట్టే చేతి ఎముక రెండవ చేతి ఎముక కంటె లావుగా ఉంటుంది. అయితే ఇది నెలలమీద జరిగే పని. నడుమ విశ్రాంతి, కడుపునిండా తిండి, నిద్ర కావాలి. ఒక్కరోజులో గట్టిపరచాలని చూస్తే ఎముక గట్టిపడటానికి మారుగా చిట్లుతుంది.

మరికొంత అలవాటుది. భయం వేస్తే మన మూత్రపిండాల మీద టోపీలలాగా ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఇది పిరికివాడికీ అంతే, వీరుడికీ అంతే. కాని వందసార్లు సాధన చేసినవాడికి ఆ క్షణంలో ఏం చెయ్యాలో కాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది. చెయ్యవలసిన పని తెలియనివాడు బిగుసుకుపోతాడు. చూసేవాళ్ళు మొదటివాడికి దమ్మున్నదంటారు, రెండవవాడికి లేదంటారు. అట్లా బిగుసుకుపోయినవాడి మీద కోచ్ అరిస్తే ఏమవుతుంది? వాడికున్న ఒక భయం రెండు భయాలవుతుంది!

ఇక మూడవది నమ్మకం. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. రహీం అప్పటికే కాన్సరుతో బాధపడుతున్నాడు. మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లండుతో ఆడేటప్పుడు వెనక వరసలో కోటగోడలాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. దీనికి తోడు, క్రీడలకు కొన్ని దేశాలను రానివ్వని విషయంలో తగాదా పుట్టి, అక్కడి ప్రేక్షకులు మనవాళ్ళమీద కోపంగా ఉన్నారు. రహీం జర్నైల్ సింగ్‌ను వెనకనుంచి తీసి ముందు వరసలో నిలబెట్టాడు. సెప్టెంబరు 4న చివరి ఆటలో మళ్ళీ ఆ కొరియా జట్టే ఎదురుగా నిలిచింది. పి. కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. 2-1తో బంగారు పతకం మనది! పది నెలలు తిరగకుండానే, 1963 జూన్‌లో, రహీం కన్నుమూశాడు. వెనక వరసవాణ్ణి ముందుకు పంపడమంటే, "నీవల్ల అవుతుంది," అని అతనితో చెప్పడమే గదా!

ఇక్కడ ఒక హెచ్చరిక. కుట్లు పడిన తలతో ఆడటం వినడానికి బాగుంటుంది గాని, మీరు ఎన్నడూ అట్లా చెయ్యకూడదు. తలకు దెబ్బ తగిలితే పుర్రె లోపల మెదడు అదురుతుంది. అది మానకముందే మరొక దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. ఈ సంగతి ఇప్పటి వైద్యులకు బాగా తెలుసు. అందుకే తల అదిరిన ఆటగాణ్ణి బయటకు పంపి అదనంగా మరొకణ్ణి దింపుకునే వీలు 2024 నుంచి ఆట నిబంధనలలోనే చేర్చారు. అమెరికాలో 2015లోనే, పదేళ్ళూ అంతకు లోపు వయసూ ఉన్న పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని నిర్ణయించారు. 2020లో ఇంగ్లండులో చిన్నపిల్లలకు సాధనలో అది నేర్పకూడదన్నారు.

మరి మా గట్టుమీది కుర్రవాడి సంగతి? పెద్దపెద్ద దేశాల వైద్యులు ఏ పని వద్దంటున్నారో, ఆ పని చెయ్యనందుకే గదా వాణ్ణి పిరికివాడన్నారు! ఈ సంగతి నేను పెద్దపిల్లలకు చెప్పాను. వాళ్ళు కొంచెంసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ మాష్టారు మంచివాడు. వాణ్ణి పిలిచి, ఎత్తుగా వచ్చిన బంతిని ఛాతీమీద ఆపి కాలి దగ్గరకు దించుకోవడం నేర్పుతున్నాడు. మొదట చేత్తో మెల్లిగా విసిరాడు, తరవాత కాస్త దూరంనుంచి విసిరాడు. ఇప్పుడు వాడు పదింటిలో ఆరు ఆపుతున్నాడు. మాష్టారిని మార్చాలన్న మాట కూడ ఈ మధ్య వినిపించడం లేదు. జట్టు ఇంకా గెలవలేదనుకోండి!

పుట్టుకతో కొందరు చురుకుగా ఉంటారు, కొందరు నెమ్మదిగా ఉంటారు. ఆ తేడాను ఏ కోచూ చెరపలేడు. కాని ఎక్కడ మొదలుపెట్టామో అక్కడే ఆగిపోవాలని ఎక్కడా రాసి లేదు. నమ్మకం లేకపోతే మీరే పరీక్షించి చూడండి. మీది కుడివాటమైతే ఎడమకాలితో, ఎడమవాటమైతే కుడికాలితో, గోడమీద సుద్దతో గీసిన గీతకు గురిపెట్టి రోజూ ఇరవైసార్లు బంతి తన్నండి. ఎన్ని తగిలాయో ఒక కాగితంమీద తేదీ వేసి రాసుకోండి. నెల గడిచాక మొదటి రోజు లెక్కా, చివరి రోజు లెక్కా పక్కపక్కన పెట్టి చూసుకోండి.