ఫూలింగ్‌లో ఇంగ్లిష్ పీరియడ్

చోంగ్‌చింగ్‌లో స్పీడు రైలెక్కితే గంటలోపే ఫూలింగ్. 1996లో పీటర్ హెస్లర్ అనే అమెరికన్ కుర్రాడు ఆ దేశపు వాలంటీర్ల సంస్థ పీస్ కోర్ తరఫున ఇక్కడి టీచర్ల కాలేజీలో ఇంగ్లిష్ చెప్పడానికి వచ్చేనాటికి ఈ ఊరికి రైలు లేదు. యాంగ్‌త్సీ మీద పడవలో రావాల్సిందే. ఇక్కడ గడిపిన రెండేళ్ల మీద ఆయన రాసిన ‘రివర్ టౌన్’ 2001లో వచ్చింది. చైనాలో విదేశీ టీచర్ బతుకు ఎలా ఉంటుందని అడిగితే ఇప్పటికీ చాలామంది ఆ పుస్తకమే చేతిలో పెడతారు. నేను వెళ్లింది మాత్రం అమెరికన్ని చూడ్డానికి కాదు. డర్బన్‌లో పుట్టిన, తెలుగు మూలాలున్న ఒక దక్షిణాఫ్రికా టీచర్‌ని చూడ్డానికి. పేరు రాయొద్దంది, రాయను.

ఆవిడ ముత్తాత విశాఖ వైపు నుంచి నేటాల్ చెరకు తోటల్లో కూలీకి వెళ్లాడట. 1860లో మొదలైన ఆ వలసలో మద్రాసు రేవులో ఓడెక్కిన వేలమందిలో ఒకడు. ఇంట్లో తెలుగు అమ్మమ్మతోనే పోయింది. మిగిలింది ఇంగ్లిషు, అదే ఇప్పుడు అన్నం పెడుతోంది. చైనాలో ఇంగ్లిష్ టీచరుగా వర్క్ పర్మిట్ రావాలంటే డిగ్రీ, రెండేళ్ల అనుభవం, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష చాలవు. ఇంగ్లిషు మాతృభాషగా లెక్కలోకొచ్చే దేశపు పాస్‌పోర్టు కూడా ఉండాలి. ఆచరణలో అవి ఏడు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. మన దేశం ఆ జాబితాలో లేదు. గుంటూరులో పాతికేళ్లు షేక్‌స్పియర్ చెప్పిన మా లెక్చరరుగారు మామూలుగా దరఖాస్తు పెట్టుకుంటే ఈ గేటు దాటడం కష్టం. ముత్తాత ఓడెక్కిన పుణ్యాన ఈవిడ దాటింది. ఇదేం న్యాయమండీ అన్నాను.

“న్యాయమని నేనూ అనను. కానీ పాస్‌పోర్టు ఒక్కటే ఉంటే సరిపోతుందనుకోకండి” అని నవ్వింది. మొదట ఒక పెద్ద నగరంలోని ట్యూషన్ సెంటర్ వాళ్లు ఫోన్లో గొంతు విని ఉద్యోగం ఖాయమన్నారు. వీడియోలో మొహం చూశాక, తల్లిదండ్రులు తెల్ల టీచర్‌ని అడుగుతారని చల్లగా చెప్పారు. తర్వాత 2021 జులైలో ప్రభుత్వం స్కూలు పిల్లల ట్యూషన్ వ్యాపారం మీద ఉక్కుపాదం మోపింది. అలాంటి సెంటర్లు వరసగా మూతపడ్డాయి, వాటిని నమ్ముకొచ్చిన విదేశీయులు ఎందరో మూటా ముల్లె సర్దుకున్నారు. ఈవిడ అప్పటికే ఫూలింగ్‌లో ఒక హైస్కూల్లో చేరిపోయింది కాబట్టి నిలబడింది.

జనవరి 6. పొద్దున్నే ఆవిడ బడికి వెళ్లాను. నది మీద మంచు, ఎదుటి గట్టు కనపడటం లేదు. బయట ఏడెనిమిది డిగ్రీలుంటుంది, క్లాసులోనూ అంతే. చిన్‌లింగ్ కొండలు, హ్వాయ్ నది కలిపి గీసిన గీతకు ఉత్తరాన ఉన్న ఊళ్లకే చలికాలం గొట్టాల్లో వేడి అందుతుంది. ఫూలింగ్ గీతకు ఇవతల పడింది. పైగా గాలి ఆడాలని కిటికీలు తెరిచే ఉంచుతారు. పిల్లలందరూ కోట్లు తొడుక్కునే కూర్చుని, పాఠాన్ని గొంతెత్తి ఏకబిగిన చదువుతున్నారు. ఆఖరి ఏడాది వాళ్ల వరండాలోంచి వెళ్తూ తొంగిచూశాను. బల్లల మీద పుస్తకాలు ఎంత ఎత్తున పేర్చారంటే వెనక ఉన్న పిల్లల నుదుళ్లు తప్ప మొహాలు కనపడవు. బోర్డు మూల రంగు సుద్దతో 152 అని వేసుంది. జూన్ 7న మొదలయ్యే గావ్‌కావ్‌కి, అంటే కాలేజీ ప్రవేశ పరీక్షకి, మిగిలిన రోజులు.

ఆ పరీక్షలో మొత్తం 750కి ఇంగ్లిషుకి 150. బీజింగ్, షాంఘై లాంటి చోట్ల మాట్లాడటానికీ కొన్ని మార్కులున్నాయి. ఇక్కడ లేవు. ఈవిడ చెప్పేది మాట్లాడే ఇంగ్లిషే! అందుకే బడిలో ఆవిడ స్థానం విచిత్రంగా ఉంటుంది. గోడమీద ఫోటో ఉంటుంది, పై అధికారులొస్తే ముందు వరసలో కుర్చీ వేస్తారు, పరీక్షలు దగ్గరపడితే మాత్రం మొదట ఎగిరిపోయేది ఆవిడ పీరియడే. మన బళ్లలో డ్రిల్ పీరియడ్‌ని లెక్కల సారు లాక్కున్నట్టు. మొదటి రెండేళ్ల వాళ్లకి వారానికి ఒక్కో క్లాసు. అలాంటి సెక్షన్లు పదహారు, సెక్షనుకి యాభై మంది. ఎనిమిది వందల పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నేను కూర్చున్న క్లాసులో ఆవిడ పుస్తకం తెరవలేదు. డర్బన్ నుంచి తెచ్చుకున్న మామిడికాయ పచ్చడి సీసా మూత తీసి ముందు బెంచీకి ఇచ్చింది. వాసన చూసి, ఏముందో ఊహించి, ఇంగ్లిషులో చెప్పాలి. సీసా చేతులు మారుతోంది, నవ్వులు, తుమ్ములు, “హాట్”, “ఆయిల్” తప్ప మాటలు లేవు. సీసా చివరి బెంచీకి చేరేసరికి అంతవరకూ బల్ల మీద తల పెట్టుకుని పడుకున్న కుర్రాడు లేచాడు. గట్టిగా వాసన పీల్చి, మా నాయనమ్మ కూడా చేస్తుంది అన్నాడు. అంతే, ఇక ఆగలేదు. క్రియలకి కాలాల్లేవు, వాక్యాలకి తలా తోకా లేవు. నాయనమ్మ కోస్తుంది. ఉప్పు. నొక్కుతుంది, నీళ్లు పోతాయి. మళ్లీ ఉప్పు. మళ్లీ నొక్కుతుంది. మూడుసార్లు! రెండు చేతులూ కలిపి బల్లని అదిమి చూపించాడు. ఆఖరున కారం, హ్వాజియావ్ (సిచువాన్ మిరియాలు), జాడీ. టీచరు ఒక్క తప్పూ దిద్దలేదు. “ఎన్నాళ్లు ఉంటుంది?” అని మాత్రం అడిగింది. “చాలా చాలా రోజులు” అని కూర్చున్నాడు.

అతను చెప్పింది జాత్సాయ్ గురించి. ఈ ఊరి పేరు చైనా అంతటా తెలిసింది ఆ ఊరగాయ వల్లే. 1898లో ఇక్కడే పుట్టిందంటారు. రైళ్లలో చిన్న చిన్న ప్యాకెట్లలో అమ్ముతారు. ఏ మొక్కా అని ఆరా తీస్తే, అది మన ఆవ మొక్కే. మనం గింజ కొట్టి ఆవకాయలో కలుపుతాం. వీళ్లు ఆ జాతిలోనే కాండం ముద్దలా ఉబ్బే రకాన్ని పెంచి, ఆ ఉబ్బునే ఊరేస్తారు. ఊరి బయట పొలాలు దానితోనే పచ్చగా ఉన్నాయి, కోతలు ఇంకా మొదలవలేదు.

పాఠం అయిన కాసేపటికి మైకులో సంగీతం మొదలైంది. పిల్లలు పెన్నులు పడేసి కళ్లు మూసుకుని, కనుబొమల కింద బొటనవేళ్లతో లెక్క ప్రకారం నొక్కుకున్నారు. 1963 నుంచి చైనా బళ్లలో ఈ కంటి వ్యాయామం ఉంది. అయినా క్లాసులో సగానికి పైగా కళ్లజోళ్లే.

మధ్యాహ్నం బడంతా నిద్రపోతుంది. ఆ వేళలో ఆవిడ నన్ను వీధిలోకి తీసుకెళ్లింది. ఆవిడ నేర్చుకున్న మొదటి చైనీస్ వాక్యం “పంది కొవ్వు వేయొద్దు” అట. చోంగ్‌చింగ్ నూడుల్స్‌లో రుచికి అది పడాల్సిందే మరి. దుకాణం ఆవిడ ఈవిడని చూడగానే కొవ్వు గిన్నె పక్కకి జరిపి, వేడినీళ్ల గ్లాసు ముందు పెట్టింది. కారం నాకు లెక్కలోకి రాలేదు, హ్వాజియావ్ మాత్రం పెదాల్ని తిమ్మిరెక్కించింది. డబ్బులు ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసి ఇవ్వడమే. బత్తాయిలమ్మే ముసలమ్మ మెడలోనూ ఆ కోడే వేలాడుతోంది. ఆ పని మనకేం కొత్త కాదు గనక ఆశ్చర్యపడలేదు. ఆవిడకి కష్టమల్లా అమ్మకి ఫోన్ చేయడం. వాట్సాప్ మామూలుగా తెరుచుకోదు. అందుకని అమ్మ డర్బన్‌లో వీచాట్ పెట్టుకుంది. ఇక్కడ రాత్రి పదంటే అక్కడ సాయంత్రం నాలుగు, ఆవిడకి టీ వేళ.

పట్టణంలో విదేశీ మొహాలు అంతగా కనపడవు. పీస్ కోర్ కూడా 2020లో చైనా నుంచి వెళ్లిపోయింది. ఒంటరిగా లేదా అని అడిగాను. ఆవిడ సూటిగా జవాబివ్వలేదు. సాయంత్రాలు నది ఒడ్డున స్పీకర్ పెట్టుకుని వరసల్లో నాట్యం చేసే అమ్మలక్కల్లో మూడో వరస తనదేనంది. “వాళ్లకి నా ఇంగ్లిష్ అక్కర్లేదండీ. అడుగు తప్పితే మాత్రం మోచేత్తో పొడుస్తారు.”

తిరిగి బడికొచ్చేసరికి వీచాట్లో సందేశం. నెలవారీ పరీక్షట, ఇవాళ్టి నుంచే ఆవిడ పీరియడ్లు లెక్కలకిచ్చేశారు. అడగడం లేదు, చెప్పడమే. కాంట్రాక్టు వేసవి వరకే, ఏడాదికోసారి కొత్తది రాసుకోవాలి. సంతకం చేస్తారా అన్నాను. “చేస్తాను. కానీ ఈసారి జీతం పెంచమనను. నా పీరియడ్ లాక్కుంటే ముందురోజైనా చెప్పాలని కాగితం మీద రాయించుకుంటాను” అని, సందేశం కింద ‘అందింది’ అని కొట్టి, స్టాఫ్ రూములో, నాయనమ్మ ఊరగాయ గురించి చెప్పిన ఆ మూడో సెక్షన్ కుర్రాడి పేరేంటో హాజరు పట్టీలో వెతకసాగింది.