ఫారంలో ఆ 'ఛాయ' గడి

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన సంఘం వధూవరుల పరిచయ ఫారంలో గోత్రం, నక్షత్రం, చదువు, జీతం తర్వాత 'ఛాయ' అని ఒక గడి ఉంది. నాలుగేళ్లుగా ఆ ఫారాలు ఫైలు చేసే పని నాదే. అబ్బాయిల ఫారాల్లో ఆ గడి చాలావరకు ఖాళీ. ఎందుకు వదిలేశారని ఎవరూ అడగరు. అమ్మాయిల ఫారాల్లో మాత్రం కొట్టివేతలు కనిపిస్తాయి. 'చామనఛాయ' అని రాసి, అది కొట్టేసి, పైన 'ఎరుపు' అని రాసినవి ఉన్నాయి.

ఒకావిడ ఫారం ఇచ్చిన నెలకి మళ్లీ వచ్చింది. "అన్నా, చామనఛాయ తీసేసి గోధుమ రంగు అని దిద్దండి. ఒక్క ఫోనూ రావడం లేదు" అంది. పక్కనే కూతురు. ఎం.టెక్. చదివి ఉద్యోగం చేస్తున్న పిల్ల. మా మాటలు వినపడనట్టు సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

బెంగళూరు వాళ్లం కాబట్టి ఈ గోధుమ రంగు సంగతి మనకి తెలుసు. తప్పిపోయినవారి కోసం వేసే కన్నడ ప్రకటనల్లో 'గోధి బణ్ణ, సాధారణ మైకట్టు' అని ఉంటుంది. 2016లో అనంతనాగ్ గారి సినిమాకి అదే పేరు పెట్టారు. మతిమరుపు జబ్బుతో తప్పిపోయిన తండ్రిని కొడుకు వెతుక్కునే కథ. అక్కడ రంగు రాయడంలో అర్థముంది, మనిషిని గుర్తుపట్టాలి. మన ఆడపిల్లలు ఎక్కడా తప్పిపోలేదు కదా!

"ఫొటోలో ఎలాగూ తెలుస్తుంది, గడి తీసేస్తే ఏమొస్తుంది?" అని పెద్దలొకరు అన్నారు. ఫొటోలో మనిషి కనిపిస్తుంది. గడిలో రంగు ఒక్కటే కనిపిస్తుంది, అది చూసి ఫొటో దాకా పోకుండానే కాగితం పక్కన పెడుతున్నారు. నేను కళ్లారా చూస్తున్నాను.

ఇంకొకరు "నలుపు నారాయణ మెచ్చు" అన్నారు. ఈ సామెత ఎవరికి చెప్తామో గమనించండి. ఎర్రటి పిల్లకి ఎవరూ చెప్పరు. ఓదార్చాలని ముందే తీర్మానించుకున్నాకే ఆ మాట వస్తుంది.

పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం ఉంటే ఇవన్నీ పోతాయి అనుకునేవాళ్లు కేరళ సంగతి చూడండి. శారదా మురళీధరన్ గారు 2025 ఏప్రిల్ దాకా ఆ రాష్ట్రానికి చీఫ్ సెక్రటరీగా ఉన్నారు. అంతకుముందు ఆవిడ భర్తదీ అదే పదవి. ఆయన హయాం ఎంత తెలుపో ఈవిడ హయాం అంత నలుపు అని ఎవరో వ్యాఖ్యానించారట. 2025 మార్చిలో ఆవిడే ఫేస్‌బుక్‌లో రాశారు. నాలుగేళ్ల వయసులో, నన్ను మళ్లీ కడుపులో పెట్టుకుని తెల్లగా కంటావా అని తల్లిని అడిగారట. అది చదివి నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు మన గ్రూపులో కూడా చాలామంది బాధపడుతూ పోస్టులు పెట్టారు. మంచిదే. ఆ ఏడాదే షాదీ డాట్ కామ్ వాళ్లు రంగును బట్టి వెతికే సదుపాయం తీసేశారు. 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. (పేరు మారింది, కొనేవాళ్లు మారారా అన్నది వేరే సంగతి.) వ్యాపారస్తులు కదిలారు. మన ఫారం కదల్లేదు.

అన్నట్టు, డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ క్రీములు పిల్లలకి పూయకండి. చర్మం పల్చబడి, ఎండకి మండుతుంది. పాదరసం కలిపిన క్రీములైతే కిడ్నీలకే ముప్పు.

కొత్త ఫారాలు ఇంకా ప్రింటుకి వెళ్లలేదు. ఈ నెలాఖరు సమావేశంలో ఆ గడి తీసేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఉండాల్సిందే అనేవారు తప్పకుండా వచ్చి మాట్లాడండి. వచ్చేటప్పుడు మీ అబ్బాయి ఫారంలో ఆ గడి నింపి తీసుకురండి.