బ్రయన్ కోర్టులో చనిపోలేదు!

కోర్టు సీనంటే మనవాళ్లకి ఎంత ఇష్టమో వేరే చెప్పనక్కర్లేదు. బోనులో అమాయకుడైన హీరో, వేలు చూపించి గద్దించే విలన్ లాయరు, ఆఖరి నిమిషంలో "ఆగండి!" అంటూ పరుగెత్తుకొచ్చే సాక్షి... టికెట్టు డబ్బులు అక్కడే గిట్టుబాటైపోతాయి. ఆ పిచ్చి నాకు కాస్త ఎక్కువే. ఆ పిచ్చిలోనే ఓ తప్పు చేశాను.

డిగ్రీ చదివే రోజుల్లో ఓ ఫిల్మ్ సొసైటీ షోలో 'ఇన్‌హెరిట్ ది విండ్' చూశాను. 1960లో స్టాన్లీ క్రామర్ తీసిన నలుపు తెలుపుల చిత్రం. బడిలో డార్విన్ సిద్ధాంతం చెప్పినందుకు ఓ కుర్ర టీచర్ని జైల్లో పెడతారు. అతని తరఫు లాయరు స్పెన్సర్ ట్రేసీ. ఎదుటి పక్షాన మతం కోసం నిలబడ్డ పెద్దమనిషి ఫ్రెడరిక్ మార్చ్. ఇద్దరు మహానటులు అలా ఢీ అంటే ఢీ అంటుంటే మనం రెప్ప వేస్తే ఒట్టు! చివర్లో తన ఉపన్యాసం ఎవరూ వినిపించుకోక, అరిచి అరిచి మార్చ్ కోర్టు హాల్లోనే కుప్పకూలి ప్రాణం వదులుతాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

ఇది నిజంగా జరిగిన కేసు ఆధారంగా అల్లిన కథ. ట్రేసీ పాత్రకు మూలం క్లారెన్స్ డారో, మార్చ్ పాత్రకు మూలం విలియం జెన్నింగ్స్ బ్రయన్. 2023లో మన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామం పాఠం తీసేసిన సంగతి మీద గొడవ జరిగింది కదా. పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, సైన్సు అభిమానులు అభ్యంతరం చెబుతూ సంతకాలు పెట్టారు. ఆ వేడిలో నేనూ ఓ వ్యాసం రాశాను. "పాఠం చెప్పిన టీచరు జైలుకెళ్లాడు, పాఠం వద్దన్న బ్రయన్ కోర్టులోనే కూలిపోయి చనిపోయాడు" అని ధీమాగా రాసిపారేశాను. ఎక్కడ చదివాను? ఎక్కడా చదవలేదు. చూశానంతే!

కొన్నాళ్లకి ఒకావిడ ఫోన్ చేశారు. రిటైరైన సైన్సు టీచరు.

"బాబూ, మా మనవడు నీ వ్యాసం బట్టీపట్టి స్కూల్లో వక్తృత్వ పోటీలో అప్పజెప్పాడు. ఫస్టు ప్రైజిచ్చారు. బాగానే ఉంది గానీ, బ్రయన్ కోర్టులో చనిపోలేదు కదా నాయనా?"

నాకు నోట మాట రాలేదు. "చూసి చెబుతానండీ" అని పెట్టేసి, అప్పుడు మొదలెట్టాను చదవడం.

1925 మార్చిలో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం బట్లర్ చట్టం చేసింది. సర్కారు బళ్లలో మనిషి తక్కువ జాతి జంతువుల నుంచి వచ్చాడని చెప్పడం నేరం. ఆ చట్టాన్ని కోర్టులో సవాలు చేయడానికి ముందుకొచ్చే టీచరు కావాలని పౌరహక్కుల సంఘం ప్రకటన ఇచ్చింది. డేటన్ అనే చిన్న ఊళ్లో పెద్దమనుషులు ఓ మందుల షాపులో కూర్చుని, ఈ కేసు మన ఊళ్లో పెట్టిస్తే ఊరికి పేరొస్తుందని పథకం వేశారు. అసలు తమాషా వినండి. ఆ షాపు యజమానే స్కూలు బోర్డు అధ్యక్షుడు. ఆ చట్టం కాదన్న పాఠమున్న పుస్తకం ఆ షాపులోనే అమ్ముతున్నారు! టెన్నిసు ఆడుకుంటున్న జాన్ స్కోప్స్‌ని పిలిపించి "నువ్వు ముద్దాయిగా ఉంటావా?" అనడిగారు. 24 ఏళ్లవాడు, ఫుట్‌బాల్ కోచ్. బయాలజీ టీచరు రానప్పుడు క్లాసు చూశాడంతే. పరిణామం పాఠం చెప్పానో లేదో అతనికే సరిగ్గా గుర్తులేదు. అయినా సరేనన్నాడు. జైల్లో ఒక్క రోజు కూడా లేడు.

జులై 10న విచారణ మొదలైంది. రేడియోలో ప్రత్యక్ష ప్రసారం, వీధుల్లో కోతి బొమ్మలు, సూటేసిన చింపాంజీ... తిరునాళ్లే! 20న ఎండ దెబ్బకి కోర్టుని చెట్ల కిందికి మార్చారు. అక్కడ డారో ఏకంగా బ్రయన్నే సాక్షిగా కూర్చోబెట్టి బైబిలు మీద రెండు గంటల పాటు నిలదీశాడు. ఈ మాట మటుకు నిజం. సినిమా అక్కడ అన్యాయం చేయలేదు.

మర్నాడు డారో తనే లేచి "మా వాడు దోషేనని తీర్పివ్వండి" అని జ్యూరీని కోరాడు. పై కోర్టుకెళ్లాలని అతని ఎత్తు. దాంతో ఇరుపక్షాలకీ ముగింపు ఉపన్యాసం లేకుండా పోయింది. బ్రయన్ ఎంతో శ్రమపడి రాసుకున్న ప్రసంగం కాగితాల్లోనే ఉండిపోయింది. తొమ్మిది నిమిషాల్లో జ్యూరీ తేల్చేసింది. వంద డాలర్ల జరిమానా. సినిమాలో మార్చ్ ఆ జరిమానా చాలదని మండిపడతాడు. నిజం బ్రయన్ ఏమన్నాడో తెలుసా? కావాలంటే జరిమానా తనే కడతానన్నాడు!

ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. నేను రాసిన మనిషి వేరు, ఈ మనిషి వేరు. ఆయన వాదన తప్పే, ఇవాళ్టికీ తప్పే అంటాను. అయినా ఆ బడి పుస్తకంలో మనుషుల్ని జాతుల వారీగా ఎక్కువ తక్కువలుగా పేర్చిన పేజీలున్నాయి. వాటి సంగతి నా వ్యాసంలో లేదు, సినిమాలోనూ లేదు. నాటకం రాసిన లారెన్స్, లీ ఇద్దరూ 'ఇది చరిత్ర కాదు' అని ముందుమాటలోనే ఒప్పుకున్నారు. వాళ్ల గురి 1950ల్లో మెకార్తీ వేట మీద. ముందుమాట చదవనివాణ్ణి నేను.

బ్రయన్ చనిపోయింది తీర్పు తర్వాత అయిదు రోజులకి, జులై 26 ఆదివారం. డేటన్‌లోనే భోంచేసి మధ్యాహ్నం కునుకు తీస్తూ నిద్రలోనే వెళ్లిపోయాడు. 1927లో పై కోర్టు, జరిమానా జ్యూరీ వేయాలి గానీ జడ్జి వేయకూడదని చెప్పి శిక్ష కొట్టేసింది. చట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది 1967 దాకా బతికే ఉంది.

ఇవన్నీ రాసుకుని ఆవిడకి ఫోన్ చేశాను. తప్పు నాదేనండీ, పత్రికలో రాస్తాను అన్నాను. ఈ వ్యాసం ఆ బాకీయే.

"సరేలే. ఇంతకీ ఆ సినిమా బాగుంటుందా?"

"చాలా బాగుంటుందండీ!"

"అయితే మావాడికి చూపిస్తాను. ప్రైజు కప్పు మాత్రం ఇవ్వనంటున్నాడు."

"ఉంచుకోమనండి" అన్నాను.